హైవే మీద హైబ్రిడ్ కారు మైలేజీ: ఎందుకు తగ్గుతుంది, ఎలా నిలబెట్టుకోవాలి

హైబ్రిడ్ కారు కొన్నవాళ్లలో చాలామందికి మొదటి లాంగ్ డ్రైవ్‌లోనే టెన్షన్ పట్టుకుంటుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో లీటరుకు 22, 23 చూపించిన మీటరు, విజయవాడ హైవే ఎక్కి 110లో పోతుంటే 17కో 18కో దిగిపోతుంది. మామూలు పెట్రోల్ కారుకి ఊళ్లో తక్కువ, హైవేలో ఎక్కువ రావడం మనకు అలవాటు. ఇక్కడ తలకిందులయ్యేసరికి బండిలోనే ఏదో లోపం ఉందని, షోరూమ్‌లో చెప్పిందంతా ఉత్తదేనని అనిపిస్తుంది. నూటికి తొంభై సార్లు బండి బాగానే ఉంటుంది. హైవే మీద మైలేజీని తేల్చేది బ్యాటరీ కాదు, మీరు పోయే వేగం. ఈ ఒక్కటి తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇక్కడ రాసేది గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ ఈ:హెచ్‌ఈవీ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్ల గురించి. అంటే ప్లగ్ పెట్టి ఛార్జ్ చేయక్కర్లేకుండా, కాసేపు మోటారు మీదే నడవగలిగే కార్లు. మైల్డ్ హైబ్రిడ్ల సంగతి వేరు. వాటిలో మోటారు ఇంజిన్‌కి చేయి అందిస్తుందే గానీ బండిని ఒంటరిగా లాగదు.

1. ముందు అసలు లెక్క తీయండి

డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీ చాలా బళ్లలో నిజం కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. బయలుదేరే రోజు ఇంటి దగ్గర బంకులో ట్యాంక్ ఫుల్ చేయించి, గన్ మొదటిసారి టక్‌మని ఆగగానే చాలనండి. రౌండ్ ఫిగర్ చేయమంటారా అని అడుగుతారు, వద్దని చెప్పండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. తిరిగొచ్చాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ మొదటి టక్‌కే ఆపించండి. తిరిగిన కిలోమీటర్లను ఈ రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేది మీ మైలేజీ. 560 కిలోమీటర్లు తిరిగి 28 లీటర్లు పట్టిందంటే 20 వచ్చినట్టు.

రానూ పోనూ కలిపే లెక్కేయాలి. ఒకవైపు ప్రయాణం చూసి ఏమీ తేల్చకండి. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. కృష్ణ ఒడ్డున ఉన్న విజయవాడ ఎత్తు ఇరవై పాతిక మీటర్లకు మించదు. ఈ దిగుడంతా 275 కిలోమీటర్ల పొడుగునా పరుచుకుని ఉంటుంది కాబట్టి చౌటుప్పల్ దాటినా, సూర్యాపేట దాటినా కంటికి ఆనదు. పెట్రోల్‌కి మాత్రం తెలుస్తుంది. మనుషులతో, సామానుతో కలిపి 1,600 కిలోలున్న బండిని అంత ఎత్తుకి ఎక్కించడానికి అర లీటరుకు పైగా అదనంగా కాలాలి. వెళ్లేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు ఖర్చవుతుంది. అందుకే ఒకే బండి, ఒకే డ్రైవరు, ఒకే వేగం అయినా విజయవాడ వెళ్లేటప్పుడు 21, తిరిగొచ్చేటప్పుడు 19 రావచ్చు. రెండూ నిజమే.

కంపెనీ చెప్పే అంకెతో పోల్చుకోవడం కూడా మానేయండి. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి ప్రకటించింది 27.97, హైక్రాస్‌కి 23.24. ఇవి ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, మన దేశపు పరీక్ష పద్ధతి ప్రకారం తీసినవి. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం 90, అదీ కాసేపే. ఎక్కువ భాగం ఊళ్లో నడిపినట్టు ఆగుతూ సాగుతూ ఉంటుంది. అంటే హైబ్రిడ్‌కి బాగా అచ్చొచ్చే పరీక్ష. 110లో నాలుగు గంటలు పోయే బండికి ఆ అంకె కొలబద్ద కాదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ ప్రభావం కూడా కొంత ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానికంటే సుమారు మూడో వంతు తక్కువ. ఇది హైబ్రిడ్‌కే కాదు, అన్ని పెట్రోల్ బళ్లకీ వర్తిస్తుంది. నాలుగేళ్ల కిందటి మైలేజీతో ఇప్పటిదాన్ని పోల్చేటప్పుడు గుర్తుంచుకోండి.

2. హైవేలో బ్యాటరీ నుంచి ఏం ఆశించవచ్చో తెలుసుకోండి

ఊళ్లో హైబ్రిడ్ ఎక్కడ మిగులుస్తుందో చూడండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. నెమ్మదిగా పాకేటప్పుడు మోటారు లాగుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ, మామూలు కారులో వేడిగా పోయే శక్తిలో కొంత కరెంటుగా బ్యాటరీలోకి చేరుతుంది. హైవే మీద సిగ్నళ్లు లేవు, పాకడం లేదు, బ్రేకు అరుదు. తిరిగి రాబట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

గ్రాండ్ విటారా, హైరైడర్ బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్. ఆ సైజు ఎస్‌యూవీ చదును రోడ్డు మీద 100లో సాగాలంటే సుమారు 15 కిలోవాట్లు కావాలి. నిండా ఉన్న బ్యాటరీని ఆఖరి చుక్క వరకు వాడినా మూడు నిమిషాలు, ఐదు కిలోమీటర్లు. నిజానికి బ్యాటరీ మన్నిక కోసం బండి దాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వదు కూడా. మిగతా 270 కిలోమీటర్లూ లాగేది పెట్రోలే.

ఇది మన బళ్లకే ఉన్న బలహీనత కాదు. టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ 2010 మోడల్‌కి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన అధికారిక మైలేజీ నగరంలో గ్యాలనుకు 51 మైళ్లు, హైవేలో 48. మన లెక్కలో లీటరుకు 21.7, 20.4. హైబ్రిడ్ల స్వభావమే అంత.

అలాగని హైవేలో హైబ్రిడ్ వృథా అనుకోకండి. వీటి ఇంజిన్లు అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తాయి. అంటే మండిన గ్యాసు పిస్టన్‌ని ఎక్కువ దూరం తోసేలా వాల్వుల టైమింగ్ పెడతారు. మామూలు ఇంజిన్ కంటే ప్రతి చుక్క నుంచి ఎక్కువ పని పిండుకుంటాయి. 2015లో వచ్చిన ప్రియస్ ఇంజిన్‌కి గరిష్ఠంగా 40 శాతం సామర్థ్యం ఉందని టయోటా ప్రకటించింది. పెట్రోల్ ఇంజిన్‌కి అది చాలా పెద్ద అంకె. సిటీ ఈ:హెచ్‌ఈవీలో అయితే హైవే వేగం అందుకోగానే ఒక క్లచ్ కలుసుకుని ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పుతుంది. ఇంజిన్ శక్తిని కరెంటుగా మార్చి, మళ్లీ కరెంటుతో మోటారు తిప్పడంలో పోయే నష్టం అక్కడ తప్పుతుంది.

3. వేగం ఎంచుకోండి, ఎంచుకున్నాక మార్చకండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

గాలి బండిని వెనక్కి నెట్టే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళితే వేగం పెరిగింది పాతిక శాతమే, గాలి నిరోధం పెరిగేది యాభై ఆరు శాతం. 80 నుంచి 120కి వెళితే అది రెండుంపావు రెట్లు. టైర్ల రాపిడి మాత్రం వేగంతో పెద్దగా మారదు. అందుకే 60, 70 దగ్గర గాలి పెద్ద శత్రువు కాదు గానీ 90 దాటాక ఇంజిన్ పనిలో మూడింట రెండొంతులకు పైగా గాలిని చీల్చడానికే పోతుంది. ముందు భాగం నిటారుగా, ఎత్తుగా ఉండే ఎస్‌యూవీలకి ఇది మరీ ఎక్కువ. సెడాన్ అయిన హోండా సిటీ హైవేలో వాటికంటే మెరుగ్గా ఉండటానికి కారణం కూడా ఇదే.

మధ్య సైజు ఎస్‌యూవీకి లెక్క వేస్తే, 90కీ 110కీ మధ్య కిలోమీటరుకు కావలసిన శక్తి సుమారు మూడో వంతు పెరుగుతుంది. విజయవాడ రోడ్డులో ఊళ్లు, టోల్ గేట్లు, పనులు జరిగే చోట డైవర్షన్లు తీసేస్తే నిజంగా సాఫీగా పోగలిగేది 200 కిలోమీటర్లు అనుకుందాం. ఆ దూరం 110లో పోతే గంటా యాభై నిమిషాలు, 90లో పోతే రెండు గంటల పదమూడు నిమిషాలు. మిగిలేది పాతిక నిమిషాల లోపు. దానికి కాలే అదనపు పెట్రోల్ రెండున్నర, మూడు లీటర్లు. ఎవరి పాతిక నిమిషాల విలువ వాళ్లకే తెలుసు. ఆసుపత్రికో రైలుకో పరిగెత్తే రోజున ఈ లెక్క పక్కన పెట్టండి. మామూలు రోజుల్లో మీటరు మీద 90, 95 మధ్య ఉంచండి. స్పీడోమీటరు సాధారణంగా కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి అసలు వేగం 90కి అటూ ఇటుగా ఉంటుంది.

నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కార్లకు గరిష్ఠ పరిమితి 100. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద కుడి లేన్లలో 120 దాకా అనుమతి ఉంది. అనుమతి ఉందని అంత వేగంతోనే పోనక్కర్లేదు. ఓఆర్ఆర్ మీద 100 చాలు. కుడి లేన్ పట్టుకుని 90లో వెళుతూ వెనక వాళ్లకి దారివ్వకపోవడం మాత్రం పొదుపు కాదు, ప్రమాదం.

ఎదురుగాలిని కూడా లెక్కలోకి తీసుకోండి. మీరు 90లో పోతున్నప్పుడు 20 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే గాలి మీ బండిని 110లో పోతున్నట్టే తోస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో విశాఖ నుంచి విజయవాడ వైపు వచ్చేటప్పుడు ఇలా ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ఆ రోజు ఐదారు కిలోమీటర్ల వేగం తగ్గించుకోండి.

గాలి నుంచి తప్పించుకోవడానికి లారీ వెనక అతుక్కుపోయే పద్ధతి ఒకటి కొందరు చెబుతారు. చేయకండి. లారీ సడన్ బ్రేక్ వేస్తే మీకు కనిపించే లోపే అయిపోతుంది. బ్రేక్ లైట్లు వెలగని లారీలు మన రోడ్ల మీద ఎన్నో తిరుగుతున్నాయి.

4. యాక్సిలరేటర్ మీద కాలు నిలకడగా ఉంచండి

డ్యాష్‌బోర్డులో ఆర్‌పీఎం మీటరు స్థానంలో ఉండే పవర్ మీటరును చూడటం అలవాటు చేసుకోండి. ముల్లు ఎకో భాగం పై అంచుకు కొంచెం కింద నిలిచి ఉంటే ఇంజిన్ తన సుఖమైన పరిధిలో ఉన్నట్టు. పవర్ భాగంలోకి ఎక్కిందంటే ఇంజిన్ అరుస్తుంది, ఆ అరుపు ఖరీదైనది. ఓవర్‌టేక్ చేయాల్సినప్పుడు సంకోచించకుండా ఎక్కించండి, అయిపోగానే కాలు పూర్తిగా ఎత్తేయకుండా మెల్లగా సడలించండి.

చదును రోడ్డు మీద, ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు క్రూయిజ్ కంట్రోల్ మంచిదే. నకిరేకల్ చుట్టుపక్కల లాగా ఎక్కుతూ దిగుతూ సాగే చోట మాత్రం నా ఓటు కాలికే. క్రూయిజ్ కంట్రోల్‌కి ఎదురుగా ఉన్న మిట్ట కనిపించదు. వేగం పడిపోగానే గట్టిగా తొక్కుతుంది, దిగుడులో అదే వేగం కోసం బిగబడుతుంది. మీరైతే మిట్ట మీద 92 నుంచి 85కి జారనిచ్చి, దిగుడులో దానంతట అదే 93కి రానిస్తారు. అలాంటి వాలుల్లో ఇంజిన్ ఆగి, మోటారు మీదే నడుస్తోందని చెప్పే ఈవీ గుర్తు వెలగడం కూడా చూస్తారు. హైవేలో హైబ్రిడ్ తెలివి పనికొచ్చే కొద్ది చోట్లలో అదొకటి. ఈవీ బటన్‌ని మీరుగా నొక్కాల్సిన పని లేదు. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు అందుకోవాలో కంప్యూటరుకి బాగా తెలుసు. ఎకో మోడ్ పెట్టుకోవచ్చు గానీ 90లో నిలకడగా పోతున్నప్పుడు దానివల్ల పెద్ద తేడా ఉండదు.

5. టోల్ గేటును ముందే పసిగట్టండి

పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు. విజయవాడ దారిలో ఈ మూడు టోల్ గేట్లే మీ బ్యాటరీకి ఛార్జింగ్ పాయింట్లు. ఎలా వాడుకోవాలో పంతంగి దగ్గర చూద్దాం.

టోల్ ప్లాజా బోర్డు కనిపించగానే కుడి లేన్ వదిలేయండి. గేటు అర కిలోమీటరు దూరంలో ఉందనగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి. ముల్లు ఛార్జ్ భాగంలోకి కొద్దిగా దిగుతుంది. బండి 90 నుంచి 70కి తనంతట తానే జారుతుంది. అప్పుడు బ్రేకు మీద కాలు మృదువుగా ఆనించండి. ముల్లు ఛార్జ్ భాగం అడుగుకు వెళ్లాలి గానీ అక్కడ కొట్టుకుని ఆగిపోకూడదు. అక్కడ ఆగిందంటే మోటారు మింగగలిగినంత మింగేసింది, ఆపైన మీరు తొక్కేదంతా బ్రేక్ ప్యాడ్లకే పోతుంది. చివరి దాకా 90లో వచ్చి వంద మీటర్ల ముందు తొక్కేస్తే జరిగేది అదే. సరిగ్గా చేస్తే అటూ ఇటుగా అర కిలోమీటరు ప్రయాణానికి సరిపడా కరెంటు వెనక్కి వస్తుంది. గేటు దగ్గర పాకడానికీ, దాటాక మళ్లీ కదలడానికీ అది చాలు. అంత గట్టిగా దూకక్కర్లేదు, పది పన్నెండు సెకన్లు ఎక్కువ తీసుకుని 80కి చేరండి.

సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి దగ్గర బళ్లు బారులు తీరతాయి కదా, మామూలు కారుకి నరకమైన ఆ క్యూ హైబ్రిడ్‌కి ఊళ్లోని ట్రాఫిక్ లాంటిదే. ఇంజిన్ ఆగి ఉంటుంది, ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది, మధ్యమధ్యలో ఇంజిన్ వచ్చి కాసేపు ఛార్జ్ చేసి పోతుంది. ఆ సమయంలో బండిని న్యూట్రల్‌లో పెట్టకండి. న్యూట్రల్‌లో ఇంజిన్ బ్యాటరీని ఛార్జ్ చేయలేదు. డ్రైవ్ (డీ)లోనే ఉంచి బ్రేకు పట్టుకోండి, ఎక్కువసేపైతే పార్కింగ్‌లో పెట్టండి.

6. ఘాట్ దిగేటప్పుడు

తిరుమల నుంచి కిందికి దిగుతున్నారనుకోండి. ఎత్తు తేడా ఆరువందల మీటర్లకు పైనే. ఇంత దిగుడులో బోలెడు కరెంటు వస్తుందని ఆశ పుడుతుంది. బ్యాటరీ చిన్నది కాబట్టి మొదటి కొన్ని మలుపులకే నిండిపోతుంది. అప్పుడు ఉన్నట్టుండి ఇంజిన్ పెద్దగా హోరెత్తుతుంది. కాలు యాక్సిలరేటర్ మీద లేకపోయినా ఎందుకు అరుస్తోందని భయపడొద్దు. పట్టని కరెంటుతో మోటారు ఇంజిన్‌ని ఊరికే తిప్పుతోంది. అందులో పెట్రోల్ కాలదు, బండికి పట్టు దొరుకుతుంది.

హైరైడర్, గ్రాండ్ విటారాల్లో ఘాట్ మొదట్లోనే గేర్ లివర్‌ని బీలోకి, అంటే దిగుడులో బండిని ఎక్కువగా పట్టి ఉంచే స్థానంలోకి లాగండి. హోండా సిటీలో స్టీరింగ్ వెనక ఉన్న ప్యాడిల్స్‌తో పట్టు పెంచుకోవచ్చు. దీనివల్ల బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదం తగ్గుతుంది. పెట్రోల్ పొదుపు కంటే అదే ముఖ్యం. చదును రోడ్డు మీదికి రాగానే డీలోకి మార్చేయండి, అక్కడ బీలో నడిపితే మైలేజీకి నష్టం.

7. టైర్లు, సామాను, ఏసీ

టైర్లలో గాలి పొద్దున్నే, బండి తిరగకముందు చూసుకోండి. వేడెక్కిన టైరులో అంకె ఎక్కువ చూపిస్తుంది. ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది, నిండా మనుషులతో వెళ్లేటప్పటి అంకె దాని మీద విడిగా ఉంటే అదే పెట్టించండి. టాప్ మీద క్యారియర్ ఉంటే, పని లేనప్పుడు విప్పేయండి. 90లో అది కూడా గాలిని పట్టేదే.

ఏసీ ఆపితే మైలేజీ పెరుగుతుందని చెమటలు కక్కుతూ వెళ్లేవాళ్లు ఉన్నారు. హైవేలో ఆ కష్టం అక్కర్లేదు. ఏసీ గంటకు ఇంత అని తింటుంది, కిలోమీటరుకు కాదు. 20లో పాకే ట్రాఫిక్‌లో కిలోమీటరుకి మూడు నిమిషాల ఏసీ, 90లో నలభై సెకన్లే. పైగా కిటికీలు దించితే లోపలికి దూరే గాలి బండిని పట్టి లాగుతుంది. అద్దాలెక్కించి 24, 25లో పెట్టుకుని హాయిగా వెళ్లండి.

ఒకటి మాత్రం చూసుకోండి. చాలా హైబ్రిడ్లలో పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి కేబిన్ నుంచే వెళుతుంది. అది లోపలికి వెళ్లే జాలీ ఎక్కడుందో ఓనర్ మాన్యువల్‌లో చూసి, దాని మీద బ్యాగులు, దుప్పట్లు పడకుండా ఉంచండి. మే నెల ఎండలో సూర్యాపేట దగ్గర భోజనానికి ఆగి వచ్చాక క్యాబిన్ కాలిపోతుంటే, రెండు నిమిషాలు తలుపులు తీసి వేడి పోనిచ్చి కదలండి. వేడెక్కిన బ్యాటరీ ఇవ్వడమూ తీసుకోవడమూ తగ్గించేస్తుంది.

8. ఎప్పుడు అనుమానించాలి

ప్రతి లాంగ్ డ్రైవ్‌కీ దారి, సగటు వేగం, మనుషులెందరు, లీటర్లెన్ని అని ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి మీ బండికి మీ దారిలో ఎంత రావాలో మీకే తెలిసిపోతుంది. ఏడాదిలో మీ తిరుగుడంతా దాదాపు హైవేలోనే, అదీ 110కి పైనే అని ఆ నోట్‌లో తేలితే, తరవాతి కారుకి హైబ్రిడ్ కోసం అదనంగా పెట్టే లక్షలు పెట్రోల్‌లో తిరిగి రావడం కష్టం. అలాంటివాళ్లకు డీజిల్ ఇప్పటికీ సరైన ఎంపికే. సగం ఊళ్లో, సగం హైవేలో తిరిగేవాళ్లకు హైబ్రిడ్ బాగా గిట్టుబాటవుతుంది.

అదే దారి, అదే వేగం, అంతే మంది అయినా రెండు ప్రయాణాల్లో వరసగా మైలేజీ 15 శాతానికి మించి తగ్గితే అప్పుడు వెతకండి. ముందు టైర్ల గాలి. తరవాత, కొంతదూరం బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపాక ప్రతి చక్రం దగ్గరా చేయి తాకించకుండా చాపి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు. స్టీరింగ్ ఒకవైపు లాగుతుంటే అలైన్‌మెంట్. ఈమధ్యే టైర్లు మార్చి ఉంటే, కొత్త టైర్లు మొదట్లో కాస్త ఎక్కువ తింటాయి, ఆగి చూడండి. ఇవేవీ కాకపోతే సర్వీస్ సెంటర్‌కి వెళ్లి బ్యాటరీ ఫ్యాన్ ఫిల్టర్ దుమ్ము పట్టిందేమో చూడమనండి, హైబ్రిడ్ సిస్టమ్‌ని స్కాన్ చేయించి ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. వెళ్లేటప్పుడు మీ నోట్ కూడా చూపించండి. మైలేజీ రావట్లేదని ఊరికే అంటే ఎయిర్ ఫిల్టర్ మార్చి పంపేస్తారు. ఫలానా దారిలో ఫలానా వేగంతో 20 వచ్చేది, ఇప్పుడు 16.5 వస్తోందని అంకెలతో చెబితే బండిని లిఫ్ట్ మీదికి ఎక్కిస్తారు.